ముందు బెంచీలో తీసిన మచ్చు

మా మండలంలో సర్కారు హైస్కూళ్ళు మూడు. పొదిలి రోడ్డు మీద మోడల్ స్కూలు, దానికి అవతల ఆడపిల్లల గురుకులం, మా ఊళ్ళో జడ్పీ హైస్కూలు. మొదటి రెండింటిలో పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకుంటారు. మా బళ్ళో గేటు తోసుకుని వచ్చిన ప్రతివాణ్ణీ చేర్చుకుంటారు. పత్రికకు వార్తలు పంపుతున్న ఇన్నేళ్ళలో, పదో తరగతి ఫలితాలు రాగానే ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఒక వార్త రాయడం నాకు అలవాటు. మా బడి ఎప్పుడూ అడుగునే ఉండేది. నేను చదువుకున్నది అక్కడే కాబట్టి, ఆ వార్త వచ్చిన రోజు ఊళ్ళో టీ కొట్టు వైపు వెళ్ళేవాణ్ణి కాదు.

అడుగున ఉన్న బడికి తొమ్మిదీ పదీ ఎందుకు, మోడల్ స్కూల్లో కలిపేస్తే పోలా అన్న మాట ఒక ఏడు పైనుంచి వచ్చింది. అది తేల్చడానికి విద్యాశాఖ అధికారి ఒకాయన వచ్చి మా బడి వరండాలో మీటింగు పెట్టాడు.

"ఒక్కో బడి నుంచి ఇద్దరు మంచి పిల్లల్ని పంపండి. మాట్లాడి చూస్తాను" అన్నాడు.

తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ లేచి నిలబడింది. వాళ్ళది పరుపులు కుట్టే ముస్లిం కుటుంబం. కౌలుకు కాస్త మిరప కూడా వేస్తారు. ఆవిడ గొంతు విప్పితే మైకు అక్కర్లేదు.

"అదేందండీ, మూతి కాడ కాయ చూసి బస్తా కొంటారా ఎవరైనా? గుంటూరు యార్డులో అట్టా కొన్నోణ్ణి ఒక్కణ్ణి చూపించండి!"

వరండా అంతా గొల్లున నవ్వింది. మిరపకాయలు అమ్మినవాళ్ళకు ఎవరికీ ఆ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. రైతు మంచి కాయను మూతి దగ్గర సర్దుతాడు. కొనేవాడు బస్తాను మధ్యలో కోసి, చెయ్యి లోపలికి పోనిచ్చి గుప్పెడు తీస్తాడు. అదే మచ్చు. ధర పలికేది దాన్ని బట్టే. అధికారిదీ మిరప పండించే ఇల్లేనట, అందరికంటే ముందు ఆయనే నవ్వాడు.

"సరేనమ్మా. వెనక బెంచీ పిల్లల్నే అడుగుతా. మూడు బళ్ళల్లోనూ."

ఆవిడ గెలిచినట్టే కూర్చుంది. కాసేపటికి నా వైపు వంగింది.

"నోరు జారానా అన్నా? మా పిల్ల కూర్చునేదీ వెనక బెంచీలోనే."

కూతురు అప్పుడు తొమ్మిదిలో ఉంది. మోడల్ స్కూలు దూరమేమీ కాదు. కానీ ఆ దారంతా చీమకుర్తి రాళ్ళ లారీలు. సైకిల్ మీద పిల్లను ఆ లారీల మధ్యకు పంపేది లేదని తండ్రి ముందే చెప్పేశాడు. ఊళ్ళో పదో తరగతి లేకపోతే ఆ పిల్ల చదువు అక్కడితో సరి.

మర్నాడు నేనూ అధికారి వెంట వెళ్ళాను. ఆయన నా చంకలోని పేపరు లాక్కుని, మిర్చి ధర గురించిన వార్త ఒకటి ఎంచుకున్నాడు. చదివి, అర్థమైంది చెప్పాలి, అంతే. మోడల్ స్కూల్లో వెనక బెంచీ కుర్రాడు గడగడా చదివి, చెప్పమంటే ఇంగ్లీషులో కూడా చెప్పాడు. గురుకులంలో అమ్మాయి ఒక్క వాక్యం పోకుండా అప్పజెప్పింది. రెండూ మంచి బళ్ళే, అందులో అబద్ధం లేదు. ఇక మిగిలింది మా బడి.

మా హెడ్మాస్టరు నాతో చదువుకున్నవాడు. తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టగానే నాకు విషయం తెలిసిపోయింది. పంద్రాగస్టుకు ఉపన్యాసాలిచ్చే ఇద్దరు ఆణిముత్యాలూ వెనక బెంచీలో బుద్ధిగా కూర్చున్నారు. ముందు బెంచీలో చైర్మన్ గారి కూతురు, పొడుగు కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థపడుతోంది.

"ఏరా, బెంచీలు మార్చావా?" అన్నాను మెల్లగా.

"నోర్ముయ్. మన రోజుల్లో వెనక బెంచీలో నిన్ను అడిగుంటే ఈ బడి అప్పుడే మూసేసేవాళ్ళు."

అధికారి గది మధ్యలో నిలబడి ముందుకూ వెనక్కూ చూశాడు.

"మాస్టారూ, మా నాన్నా ఇంతేనండి. మధ్యలో కోస్తారని తెలిసి మంచి కాయ మధ్యలో కూరేవాడు. ఒకసారి ఆ కొనేవాడు ఏం చేశాడో తెలుసా? మూతి కాడ తీశాడు."

పేపరు ముందు బెంచీలోని పిల్లకు ఇచ్చాడు. హెడ్మాస్టరు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు.

ఆ పిల్ల వేలు పెట్టి, ఒత్తుల దగ్గర ఆగి, నెమ్మదిగా చదివింది. గుంటూరులో మిర్చి ధర పెరిగింది, రైతులకు ఊరట. అక్కడికి వచ్చి ఆగిపోయింది.

"చెప్పమ్మా, ఏమర్థమైంది?"

"ఒకటి అర్థం కాలేదండి."

"ఏంటది?"

"రైతులకు ఊరట అని రాశారు. ఏ రైతులకండీ? మేం ఉగాదికి ముందే కల్లంలో అమ్మేశాం. మా వీధిలో అందరూ అంతే. ఇప్పుడు పెరిగితే ఏసీలో దాచుకున్నోళ్ళకు కదండీ?"

ఏసీ అంటే శీతల గిడ్డంగి. వెనక బెంచీ ఆణిముత్యాల్లో ఒకమ్మాయి "అవునండీ, మేమూ అమ్మేశాం" అంది. ఇంకో పిల్లవాడు వాళ్ళ నాన్న ఎంతకమ్మాడో చెప్పబోయాడు. క్లాసంతా ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టింది. హెడ్మాస్టరు బల్ల మీద కొట్టబోతే అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ రభసను చాలాసేపు నిలబడి విన్నాడు.

"ఇదే పేపరు రెండుచోట్ల చదివించాను" అన్నాడు చివరికి. "ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. వచ్చేటప్పుడు ఆ లారీల రోడ్డూ చూశాను. తొమ్మిదీ పదీ ఇక్కడే ఉండాలని నేను రాస్తాను. మాస్టారూ, మీరు మాత్రం ఇంకెప్పుడూ బస్తా సర్దకండి."

ఆ మాట గేటు దాకా ఎలా చేరిందో తెలియదు. అప్పటికే చైర్మన్ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తోంది. "మా పిల్లేనండీ! ముందు బెంచీలో పిల్ల! మా పిల్లే!"

ఆ ఏడే ఉత్తర్వు వచ్చింది. పదో తరగతి మా ఊళ్ళోనే ఉంది. ఆ వార్త వచ్చిన రోజు పొద్దున్నే టీ కొట్టుకు వెళ్ళి, అందరికీ కనిపించేలా కూర్చున్నాను.

అధికారి వచ్చి వెళ్ళిన మర్నాడు హెడ్మాస్టరు పిల్లల్ని ఎవరి చోటుకు వాళ్ళను వెళ్ళమన్నాడట. అందరూ లేచారు, ఆ పిల్ల తప్ప.

"నీ చోటు వెనకమ్మా" అన్నాడు.

"నిన్నటిదాకానండి" అందట, మోకాళ్ళు బెంచీ కిందికి సర్దుకుంటూ.