ఎర్రసిరా అంకెలు

మనుషుల్ని నమ్మడం నాకు మొదటినుంచీ చేతకాదు. పాలు పోయించుకునేటప్పుడు వేలు ముంచి చూస్తాను. ఆటో ఎక్కితే దారి నేనే చెబుతాను. చెరువుల సర్వేకి తిరిగిన ఆ రెండేళ్లలో ఈ గుణం మరీ ముదిరింది. కందిపప్పు ఎంత ఏరినా పంటికింద రాళ్లు తగులుతుంటే, కావాలనే కలుపుతున్నాడని జగ్గయ్యపేటలో మా వీధి చివరి కొట్టతనితో మాటలు మానేశాను. బల్బులు నెల తిరక్కుండానే మసకబారుతున్నాయని మూడుసార్లు షాపులో తిరిగిచ్చేశాను. మూడోసారి ఆ షాపతను నావైపు జాలిగా చూశాడు. ఆ చూపునూ అనుమానించాను.

కాలేజీ లేబొరేటరీలో ముప్ఫై ఏళ్లు పిల్లల రీడింగులు దిద్దినదాన్ని. చూడకుండా రాసిన అంకెను ఇట్టే పసిగడతానని నాకు పేరు. రిటైరయ్యాక, చెరువుల నీళ్లు సర్వే చేసే ఒక చిన్న సంస్థవాళ్లు నందిగామ ఆఫీసుకి నన్ను పిలిచింది కూడా ఆ పేరు చూసే. ఆఫీసంటే ఒక జిరాక్సు షాపు మీది గది. అక్కణ్ణుంచి పదకొండు చెరువులు చూసుకోవాలి.

పని వింటే తేలికే. పళ్లెమంత రేకు బిళ్ల ఉంటుంది. దాన్ని నాలుగు భాగాలు చేసి రెండింటికి నల్లరంగు, రెండింటికి తెల్లరంగు వేస్తారు. మధ్యలో తాడు కడతారు. ఆ తాడుకి పది సెంటీమీటర్లకొకటి చొప్పున నెయిల్ పాలిష్‌తో నేనే గీతలు పెట్టాను. మిట్టమధ్యాహ్నం తెప్ప మీద చెరువు మధ్యకి వెళ్లి, తెప్ప నీడ పడేవైపు బిళ్లను నెమ్మదిగా దించాలి. అది కనుమరుగైన చోట తాడు మీద లోతు చూసి రాసుకోవాలి. నీళ్లు ఎంత తేటగా ఉంటే బిళ్ల అంత లోతుదాకా కనిపిస్తుంది.

వీరులపాడు దాటాక ఒక ఊరి చెరువు ఉంది. ఊరి పేరు చెప్పను. అక్కడ చేపలు పెంచుకునేది ఊళ్లోని ఇరవై ఇళ్లవాళ్లు. వాళ్లలో పెద్దతను, ఇంచుమించు నా ఈడువాడే, నన్ను థర్మోకోల్ తెప్ప మీద కూర్చోబెట్టుకుని కర్రతో నెట్టుకెళ్లేవాడు. మాట తక్కువ మనిషి. బిళ్ల దించే దగ్గర మాత్రం ఊరుకునేవాడు కాదు.

"పోయింది. అరవై," అనేదాన్ని.

"ఇంకా కనపడతానే ఉందమ్మా. ఇంకాస్త వదలండి."

"నాకు కనపడట్లేదు మరి."

"అదిగో అమ్మా, తెల్లగా. ఇంకో రెండు గీతలు పోయాక గానీ మాయమవదు."

అతనికెందుకు కనపడదు? చేపలకి మేతగా చెరువులో కోళ్ల ఎరువు పోసేది వాళ్లే. నీళ్లు పాడయ్యాయంటే ముందు మాట పడేదీ వాళ్లే. కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు అతని చెరువు అతనికి తేటగానే ఉంటుందనుకున్నాను. నా అంకె నల్లసిరాతో రాసుకుని, పక్కన అతను చెప్పిన అంకె ఎర్రసిరాతో రాసేదాన్ని. ఎప్పుడైనా మాటామాటా వస్తే ఎంతెంత అబద్ధాలు చెప్పాడో తీసి చూపించడానికి.

రెండేళ్లు గడిచేసరికి నల్లసిరా అంకెలు దిగజారిపోయాయి. బిళ్ల ఏటికేడాది పైపైనే మాయమైపోతోంది. నేను పట్టిక వేసి, నీళ్లు ఏటేటా మురికిపడుతున్నాయనీ, మేతే కారణం కావచ్చనీ కింద రాసి సంతకం పెట్టాను. చెరువు చూసుకునే ఊరి కమిటీ ఆ కాగితం పట్టుకుని, ఆ ఏడాది చేపపిల్లలు వదలొద్దని తీర్మానించింది. ఇరవై ఇళ్లవాళ్లూ కూలిపనులకి పోయారు. తెప్ప నడిపే అతను వేదాద్రి దగ్గర కృష్ణలో వేరేవాళ్ల పడవ మీద వలలాగే పనికి కుదిరాడు. నెలకొక్కరోజు మాత్రం మా సర్వే కోసం వచ్చిపోయేవాడు. నాకు జాలేసిన మాట నిజమే. అయినా న్యాయమే జరిగిందనుకున్నాను.

అదే సమయానికి నాకు మోకాళ్లు పట్టేశాయి. తెప్పలెక్కడం మానేసి ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్నాను. నా బదులు చెరువుల మీదకి తిరగడానికి ఒకతన్ని పెట్టారు. నందిగామ ముస్లిమే, నలభై ఏళ్లుంటాయి, అంతకుముందు ఆటో నడిపేవాడు. అతనితోపాటే ఒక మీటరు కూడా వచ్చింది. నీళ్లలోకి దించితే వెలుతురు ఏ లోతుకి ఎంత అందుతోందో తనే రాసుకునే మీటరు. దాని ఫైళ్లకి తలాతోకా లేని పేర్లుండేవి. చెరువు పేరు, తేదీ పెట్టి వాటిని వరసలో సర్దడం నా పని.

అతని మొదటి నెల కాగితాలు చూడగానే నా ముక్కుపుటాలు అదిరాయి. వీరులపాడు వైపు చెరువులో బిళ్ల లోతుదాకా కనిపించిందట. సరే, మేత ఆపారు, నీళ్లు తేరుకున్నాయి, నా మాటే నిజమైందనుకోవచ్చు. కానీ చందర్లపాడు వైపు కంచె వేసిన మంచినీళ్ల చెరువు కూడా తేరుకుందట! అందులో చేపలూ లేవు, మేతా లేదు. పదకొండు చెరువులూ ఒక్క నెలలో, ఈయన అడుగుపెట్టగానే, తేటపడిపోయాయట.

ఏ టీకొట్టులోనో కూర్చుని రాస్తున్నాడని తేల్చేసుకున్నాను. ఫోటోలు పంపమన్నాను. టైముతో సహా పంపాడు. పాతవేమో అనుకుని, ఆ రోజు పేపరు బిళ్ల పక్కన పెట్టి తీయమన్నాను. తీశాడు. తాడు తెప్పించి టైలరు టేపుతో గీతగీతకీ కొలిచాను. నా గీతలే, ఒక్కటీ జరగలేదు. అతను ఎదురుగా నిలబడి ఇదంతా చూస్తున్నాడు.

"మేడమ్, నా మీద ఏదైనా కంప్లెయింట్ వచ్చిందా అండి?" అని అడిగాడు.

"ఇంకా రాలేదు," అన్నాను.

అతని మొహం చిన్నబోయింది. పట్టించుకోలేదు.

ఇక మీటరు మీద పడ్డాను. అదైనా వీడి బండారం బయటపెడుతుందనుకున్నాను. మనిషికైతే చేపలపులుసు పెట్టి మచ్చిక చేసుకోవచ్చు గానీ మీటరుకి పెట్టలేరు కదా. దాని అంకెల్నీ అతని అంకెల్నీ పక్కపక్కన పెట్టాను. ఒకటి తగ్గితే రెండోదీ తగ్గింది, ఒకటి పెరిగితే రెండోదీ పెరిగింది. పదకొండు చెరువుల్లోనూ అంతే. అతను చూసే రాస్తున్నాడు.

అలాంటప్పుడు ఎక్కడో ఇంకెవరో తప్పు చేసి ఉండాలి. అన్ని చెరువుల పాత అంకెలూ ఒకే కాగితం మీద గీశాను. పదకొండు గీతలూ రెండేళ్లపాటు ఒకే తీరున కిందికి జారాయి. చేపలున్న చెరువూ, లేని చెరువూ, కంచె లోపలి చెరువూ ఒక్కలాగే. ఏ మురికైనా అన్ని చెరువుల్లోకీ ఒకేలా ఎలా వెళ్తుంది? ఈ అన్నింటికీ తిరిగింది ఎవరు? లాబ్‌లో పిల్లల్ని నిలదీసినట్టే అడుగుతూ పోయాను. తెప్పలు నడిపేవాళ్లు చెరువుకొకరు. కాపలావాళ్లు వేరు. అన్ని చెరువులకీ వెళ్లిన మనిషి ఒక్కతే ఉంది, ఆ కాగితం పట్టుకుని ఆమే కూర్చునుంది.

పాత నోటుబుక్కు తీశాను. ఎర్రసిరా అంకెలు రెండేళ్లూ పెద్దగా కదల్లేదు. కొత్తతని అంకెలు వాటి పక్కనే పడ్డాయి. గురివింద గింజ తన కింద నలుపెరగదని ఎంతమందిని అనలేదు నేను! మర్నాడు మోకాళ్లు నొప్పెడుతున్నా ఆ చెరువుకి వెళ్లి తెప్పెక్కాను. కొత్తతను బిళ్ల దించాడు. నాకు మాయమైపోయింది. అతను ఇంకా దించుతూనే ఉన్నాడు. కర్ర పట్టుకున్న పెద్దతను ఈసారి బిళ్లవైపు చూడకుండా దూరంగా గట్టువైపు చూస్తున్నాడు.

రెండు కళ్లకీ శుక్లాలన్నది డాక్టరమ్మ. బాగా ముదిరాయట. నీళ్ల మీది ఎండకి అసలేమీ ఆనదట. ఇన్నాళ్లూ ఎలా తిరిగారని అడిగింది. నమ్మకంగా తిరిగానని చెప్పలేకపోయాను. ఆపరేషన్లు అయ్యాక వంటింట్లో బల్బు మొహం మీద కొట్టినట్టు వెలిగింది. కందిపప్పులో రాళ్లు ఎదురుగా కనిపించాయి, గుప్పెడు పప్పుకి ఒకటో రెండో, ఎక్కడైనా ఉండేవే. కొట్టుకెళ్లి అరకిలో ఇమ్మన్నాను. అతను తూచి కట్టిచ్చాడు. కొత్తతనికి క్షమాపణ చెప్పుకున్నాను. "తాడు కొలిచినప్పుడే కొంచెం బాధనిపించిందండి," అన్నాడు.

కమిటీ ముందు నిలబడి, ఆ పట్టిక చెరువుది కాదు, నా కళ్లదని చెప్పాను. కొందరు నవ్వారు. వచ్చే వానలకి చేపపిల్లలు వదులుకోవచ్చని తీర్మానం రాశారు. పోయిన ఏడాది సంగతి ఎవరూ ఎత్తలేదు. అది తిరిగిచ్చే దారి నా దగ్గరా లేదు.

ఆ సాయంత్రం చెరువుగట్టు మీద పెద్దతనికి నోటుబుక్కు చూపించాను. చదవడం రాదు గానీ అంకెలు పోల్చుకుంటాడు. ఎర్రసిరా మీద వేలు ఆనించి ఒక్కొక్కటే చూశాడు.

"ఇవన్నీ నేను చెప్పినయ్యేనా?"

"అవును."

"అప్పుడే రాసుకున్నారా? నా మాట చెవిన పెట్టట్లేదేమో అనుకున్నానమ్మా." మొహం విప్పారింది. ఆ సంతోషం అలాగే వదిలేస్తే నాకు సుఖంగా ఉండేది.

"నమ్మి రాయలేదయ్యా. నువ్వు అబద్ధాలాడుతున్నావని, ఎప్పటికైనా పట్టిద్దామని రాశా."

అతను పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

తర్వాతి నెల సర్వేకి నేనే వెళ్లాను. అతనే తెప్ప నడిపాడు. బిళ్ల దించాను. నీళ్లలోకి దిగుతూ తెలుపు, నలుపు, మళ్లీ తెలుపు, ఎంతకీ పోదే! చివరికి మాయమైంది.

"తొంభై," అన్నాను.

అతను కర్ర తెప్ప మీద పెట్టి, నా చేతిలోంచి తాడు తీసుకున్నాడు. బిళ్ల పైకి లాగి, తనే మళ్లీ దించి, వంగి చూశాడు.

"తొంభైయే. నాది నల్లసిరాతో రాయండమ్మా," అన్నాడు. "మీది పక్కన ఎర్రసిరాతో రాసుకోండి."

అలాగే రాశాను.