శ్రీలంకలో నాకు దక్కిన ఊరు

ఎనభై ఎనిమిది జూన్ నెల. ఉదయం ఆరూ పదికి మా ఓడ ట్రింకోమలీ రేవులోకి వచ్చింది. మద్రాసులో ఎక్కిన దగ్గర్నుంచి వాంతులు చేసుకుంటూ వచ్చినవాళ్ళం, అందరం డెక్ మీదికి వచ్చి నోరెళ్ళబెట్టాం. ఆ నీళ్ళు నీలం కాదు, ఆకుపచ్చ కాదు. మూడు వైపులా కొండలు సముద్రంలోకి దిగి ఉన్నాయి. కొండల నిండా చెట్లు. ఇక్కడే పోస్టింగ్ ఇస్తే రిటైరయ్యేదాకా ఉంటానన్నాడు నా పక్కన నిలబడ్డ సిపాయి.

అక్కడ మాకు దొరికింది ఒక గంట. మగ్గుడు టీ, నాలుగు పూరీలు. ఏడున్నరకి మిలిటరీ లారీల్లో ఎక్కించి టార్పాలిన్ దించి కట్టేశారు. బయటికి చూడొద్దని ఆర్డరు. మధ్యాహ్నం రెండింటికి టార్పాలిన్ విప్పితే వవునియా.

ఆ ఊరెలా ఉంటుందో మీకు అర్థమయ్యేలా చెప్తాను. మన హనుమాన్ జంక్షన్ తీసుకోండి. అందులోంచి హోటళ్ళు తీసేయండి. లారీలు తీసేయండి. పళ్ళ బుట్టలు, కేకలు, మనుషులు అన్నీ తీసేయండి. ఆయిల్ మరకల నేల, రేకుల షెడ్లు, వంగిపోయిన కరెంటు స్తంభాలు, తాళాలు వేసిన షట్టర్లు మిగుల్తాయి. దాన్ని నెలల తరబడి ఎండలో పెట్టండి. అదీ వవునియా. ఊరికి దక్షిణాన కొండలూ జలపాతాలూ టీ తోటలూ ఉన్నాయి. తూర్పున మేం చూసొచ్చిన సముద్రముంది. మాకు మాత్రం నాలుగు రోడ్లు కలిసే ఆ కూడలి దక్కింది.

శ్రీలంకకి పంపిన మన శాంతి సేనలో నేను నాయక్‌ని. వైర్‌లెస్ ఆపరేటర్‌ని. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. పెళ్ళయి ఏడాదిన్నర. మా ఊరు నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే రోడ్డులో ఆరు మైళ్ళు, రోడ్డుకి రెండు పక్కలా మామిడి తోటలే. నీడలో పుట్టి పెరిగినవాణ్ణి. వవునియాలో మా పోస్టు ఒక మూతపడ్డ రైసు మిల్లు. రేకుల కప్పు, చుట్టూ ఇసుక బస్తాలు, రెండు వరసల ముళ్ళ కంచె. పధ్నాలుగు మందిమి. పొద్దున ఆరింటికి బయల్దేరి మూడు కిలోమీటర్ల రోడ్డు నడిచి, మిలిటెంట్లు మందుపాతరలు పెట్టారేమోనని దారిలో ఉన్న మూడు కల్వర్టులూ వెతికి, ఎనిమిదిన్నరకి వెనక్కి రావాలి. ఆ తర్వాత కంచె దాటకూడదు. మర్నాడు పొద్దున ఆరింటిదాకా అంతే.

సెట్ దగ్గర నా డ్యూటీ ఎనిమిది గంటలు. ఎదురుగా గోడలో ఇటుక తీసిన కంత. అందులోంచి ఒక స్తంభం, కాలిపోయిన బస్సు, ఫోటో స్టూడియో బోర్డు కనిపించేవి. పదకొండు నెలలు అవే చూశాను. ఆగస్టులో వేడిగాలి కొట్టేది. రేకుల కింద కూర్చుంటే సెట్ మీద చెయ్యి పెట్టలేకపోయేవాళ్ళం. జైలుకీ దీనికీ ఏంటి తేడా అని ఒకరోజు మా హవల్దార్‌ని అడిగాను.

“జైల్లో అయితే ఎప్పుడు వదుల్తారో చెప్తారయ్యా,” అన్నాడు.

ఆయనది ఉంగుటూరు. వరి పొలాల మనిషి. క్రైస్తవుడు. నలభై దాటాయి, సన్నగా ఉండేవాడు, మాట తక్కువ. మా సుబేదార్ సెలవు మీద వెళ్ళినప్పుడల్లా పోస్టు ఆయన చేతికిందే ఉండేది. మా ఇద్దరికే తెలుగు వచ్చు. మిగతావాళ్ళు తమిళులు, మలయాళీలు. వాళ్ళతో ఉండి ఉండి నాకూ తమిళం వచ్చేసింది.

స్టూడియో ఆయన తమిళుడు. అరవయ్యేళ్ళవాడు. ఆయనా, భార్యా స్టూడియో వెనక గదిలోనే ఉండేవాళ్ళు. ఆదివారం తొమ్మిది నుంచి పదిదాకా ఆరుగురు చొప్పున ఫోటోలు దిగి రావచ్చని సుబేదార్ అనుమతిచ్చాడు. కంచె దాటడమే మాకు పండగ. లోపల గోడకి ఒక గుడ్డ కట్టి ఉంది. దాని మీద జలపాతం, పచ్చటి కొండలు, పొగమంచు. దాని ముందు నిలబడి ఫోటో దిగాను. ఇది ఎక్కడుందని ఆయన్ని అడిగితే, తానూ చూడలేదన్నాడు. ఎప్పటిదో క్యాలెండర్ చూసి వేశాడట. పెళ్ళయిన కొత్తలో భార్యని కొండల మీదికి తీసుకెళ్తానన్నాడట. గొడవలు మొదలయ్యాక ఇటువైపు వాళ్ళు అటు పోలేకపోయారని చెప్పాడు. ఆ ఊళ్ళో ఇరుక్కున్నది మేమే అనుకున్నాను అప్పటిదాకా.

ఫోటో ఇంటికి పంపించాను. వెనకాల ఏమీ రాయలేదు. ఉత్తరంలో మాత్రం ఇక్కడంతా చాలా బాగుందని రాశాను. మా ఆవిడ దాన్ని ఫ్రేము కట్టించి, వచ్చినవాళ్ళకల్లా చూపించిందట.

డిసెంబరులో వానలు పట్టుకున్నాయి. పక్కన చెరువు అలుగు పారి, రోడ్డుకి రెండు వైపులా మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. ఒకరోజు పొద్దున ఏడూ ఇరవైకి, మేం రోడ్డు వెతుకుతుండగా, మాకు ఎడమ వైపు దారిలో ఒక కల్వర్టు పేలింది. దాని మీద వెళ్తున్న నీళ్ళ లారీ చక్రాలు ఎగిరిపోయాయి. డ్రైవరు బతికాడు. వెంటనే సెట్‌లో ఆర్డరు వచ్చింది. ఇంజనీర్లు వచ్చి కల్వర్టులన్నీ తవ్వి చూసేదాకా మిలిటరీ గానీ, ఊరివాళ్ళు గానీ, ఎవరూ రోడ్డెక్కకూడదు. ఇంజనీర్లు వచ్చేది మర్నాడు. అది సరైన ఆర్డరే. ఇప్పటికీ అదే అంటాను.

రెండుంబావుకి స్టూడియో ఆయన తెల్ల తువ్వాలు ఊపుతూ కంచె దగ్గరికి వచ్చాడు. వానలో వణుకుతున్నాడు. పొయ్యి కట్టెలు తీస్తుంటే భార్యని పాము కరిచిందట. మా నర్సింగ్ అసిస్టెంట్ మలయాళీ, డాక్టరు కాదు గానీ మాకు ఆయనే డాక్టరు. పరిగెత్తి వెళ్ళి చూసి వచ్చాడు. రక్తపింజరి అన్నాడు. ఆమె చిగుళ్ళలోంచి అప్పుడే రక్తం కారుతోందట. విషానికి మందు తన పెట్టెలో లేదు, ఆసుపత్రిలో ఉంది. ఆసుపత్రి కిలోమీటరున్నర. మా మూడు కల్వర్టుల్లో మూడోది ఆ దారిలోనే ఉంది.

రెండూ ఇరవై రెండుకి సెట్‌లో అడిగాను. “వెయిట్. అవుట్,” అన్నారు. రెండూ నలభైకి అడిగాను. అదే జవాబు. మూడూ అయిదుకి మళ్ళీ అడిగాను. పైకి అడుగుతున్నామన్నారు. అవతల మాట్లాడే ఆఫీసరు గొంతులో కూడా ఇబ్బంది తెలుస్తోంది. స్టూడియో ఆయన కంచె అవతల బురదలో కూర్చుని నన్నే చూస్తున్నాడు. కంతలోంచి నాకు కనిపిస్తున్నాడు. ఏ మాట వచ్చినా నా నోటి నుంచే రావాలి. నా దగ్గర ఆ ఒక్క మాటే ఉంది. ఆగమని.

సుబేదార్ అప్పుడు సెలవులో ఉన్నాడు. మూడూ ఇరవైకి హవల్దార్ నా వెనక వచ్చి నిలబడ్డాడు.

“సెట్ ఆపెయ్,” అన్నాడు.

నేను కదల్లేదు. సెట్ ఆపడమంటే శిక్ష పడే తప్పని ఇద్దరికీ తెలుసు.

“మళ్ళీ అడిగితే వద్దంటారు. వద్దన్నాక వెళ్తే అది ఇంకో తప్పు. వద్దనకముందే వెళ్దాం. సెట్ వీపుకి తగిలించుకుని నా వెనకే రా. నాకేమన్నా అయితే అప్పుడు ఆన్ చెయ్యి.”

“మీకు పిల్లలున్నారండీ,” అన్నాను. ఎందుకన్నానో తెలియదు. భయం నాకే.

“ఉన్నారు. ముగ్గురు,” అన్నాడాయన. బయటికి నడిచాడు.

మూడూ ఇరవై అయిదుకి సెట్ ఆపాను. బ్యాటరీతో కలిపి పన్నెండు కిలోల బరువు. చప్పుడు లేని సెట్ ఇంకా బరువుగా ఉంది. ముందు హవల్దార్, చేతిలో ఇనప చువ్వ. ఆయన వెనక నేను. మా వెనక స్ట్రెచర్. దాన్ని నర్సింగ్ అసిస్టెంటూ, ఇద్దరు సిపాయిలూ, స్టూడియో ఆయనా మోశారు. వద్దంటే ఆయన వినలేదు. మూడో కల్వర్టు దగ్గర హవల్దార్ మమ్మల్ని ఆపి, బురదలో బోర్లా పడుకుని గొట్టంలోకి చెయ్యి పెట్టి తడిమాడు. ఏడు నిమిషాలు. లేచి, ఏమీ లేదు రమ్మని సైగ చేశాడు. దాటాం. నాలుగూ ఇరవైకి ఆసుపత్రి గేటు. ఆమెకి మందు ఎక్కించారు. డాక్టరు బయటికి వచ్చి ఇంకో గంటయితే లాభం లేకపోయేదన్నాడు. అయిదూ పదికి, చీకటి పడకముందే, అదే దారిన పోస్టుకి చేరుకున్నాం.

లాగ్ పుస్తకంలో ఇలా రాశాను. “పదిహేను ఇరవై అయిదు నుంచి పదిహేడు పది వరకు సెట్ పనిచేయలేదు. బ్యాటరీ తడిసింది.”

మర్నాడు పదకొండింటికి ఇంజనీర్లు మూడో కల్వర్టు తవ్వారు. గొట్టంలో కాదు, గొట్టం కింద, మూడడుగుల లోతులో, నూనె డబ్బా నిండా మందుగుండు. దానికో తీగ. ఆ తీగ పట్టుకుని పొలంలోకి వెళ్తే రెండు వందల గజాల అవతల ఒక గట్టు. గట్టు వెనక తాటాకులు పరిచి ఉన్నాయి. ఎవరో కూర్చున్న గుర్తులు. తాటాకుల కింద నేల ఇంకా పొడిగానే ఉందన్నాడు ఇంజనీర్ల జట్టుని నడిపే జేసీఓ. అంటే ముందురోజు వాన మొదలవకముందే వచ్చి, వాన కురిసినంతసేపూ అక్కడే ఉన్నారు. రోడ్డు తేటగా కనిపించే చోటు. చేతిలో బ్యాటరీ ఉంటుంది, కొసలు రెండూ కలిపితే చాలు.

కలపలేదు.

అందులో దేవుడి పనేమైనా ఉందా అని హవల్దార్‌ని అడిగాను. “నేను సరిగ్గా చూళ్ళేదయ్యా. ఆరుగురిని దాని మీద నడిపించాను,” అన్నాడు.

నాలుగు రోజులకి విచారణకి కెప్టెన్ వచ్చాడు. లాగ్ పుస్తకం తెరిచి నన్నడిగాడు. బ్యాటరీ తడిసిందన్నాను. హవల్దార్ వెంటనే అడ్డొచ్చి, తడవలేదు, తనే ఆపమన్నానని చెప్పాడు. ఆర్డరు ఇచ్చింది తనేననీ, ఆపరేటర్ తప్పేమీ లేదనీ రాసుకోమన్నాడు. కెప్టెన్ అలాగే రాసుకున్నాడు. హవల్దార్ సర్వీసు పుస్తకంలో ఎర్రసిరా పడింది. ఆ ఏడాది నాయబ్ సుబేదార్ కావలసిన మనిషి, ఆ తర్వాత కూడా కాలేదు. హవల్దార్‌గానే రిటైరయ్యాడు.

నేను ఆయన మీద కోపం తెచ్చుకున్నాను. మిమ్మల్ని కాపాడదామని రాస్తే మీరే చెడగొట్టారన్నాను.

“నాకోసమే రాశావు, నాకు తెలీదా? కానీ ఆ పుస్తకం చూసి రేపు ఇంకో పోస్టువాడు బ్యాటరీలు మారుస్తాడు. మనిషి చేసిన పని బ్యాటరీ మీదకి నెట్టకూడదయ్యా.”

పన్నెండు రోజులకి స్టూడియో ఆయన భార్య ఇంటికి వచ్చింది. ఆదివారం ఆయన కెమెరా స్టాండుతో సహా కంచె దగ్గరికి వచ్చి, హవల్దార్‌కి ఫోటో తీస్తానన్నాడు. స్టూడియోలోకి రమ్మన్నాడు. హవల్దార్ వెళ్ళలేదు. ఈ ఊళ్ళోనే ఉన్నాం కదా, ఫోటోలో ఈ ఊరే రానివ్వమన్నాడు. ఆ మాట తమిళంలోకి మార్చి చెప్పింది నేనే. హవల్దార్ కాలిపోయిన బస్సు పక్కన, ఆయిల్ మడుగులో నిలబడ్డాడు. ఆ ఫోటో చాలా బాగా వచ్చింది.

ఆ తర్వాత అయిదు నెలలు. అదే రోడ్డు, పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నరదాకా అదే నడక, అదే కంత. మే మొదటివారంలో మా బదులు వేరే కంపెనీ వచ్చింది. మళ్ళీ టార్పాలిన్ కట్టిన లారీలు. ట్రింకోమలీలో మళ్ళీ ఆ సముద్రం. ఈసారి డెక్ మీద ఎవరూ నోరెళ్ళబెట్టలేదు. చాలామంది పడుకుని నిద్రపోయారు.

హనుమాన్ జంక్షన్లో బస్సు దిగేసరికి పొద్దున ఏడు. మామిడికాయల లారీలు బారులు తీరి ఉన్నాయి. నూజివీడు బస్సులో నా పక్క సీటాయన, మిలిటరీ ట్రంకు పెట్టె చూసి ఎక్కణ్ణుంచి అనడిగాడు. శ్రీలంక అన్నాను. అబ్బో, చాలా అందంగా ఉంటుందట కదండీ అన్నాడు. అవునండీ అన్నాను.

ఇంట్లో మా ఆవిడ గోడకున్న ఫోటో చూపించి, అక్కడ బాగా చలిగా ఉండేదా అని అడిగింది. అది గుడ్డ మీద బొమ్మ అని చెప్పాను. ఆమె ఫోటో దగ్గరికి వెళ్ళి, తేరిపార చూసి, వెనక్కి తిరిగింది.

“మరి మీరున్న ఊరు ఎలా ఉంటుందండీ?”

చెప్పడం మొదలుపెట్టాను. మూడో కల్వర్టు దగ్గర ఆగిపోయాను. మిగతాది చెప్పడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

ఈమధ్య మా మనవరాలు ఫోన్‌లో ఆ దేశం ఫోటోలు చూపించింది. కొండలు, రైలు, టీ తోటలు. నిజంగానే అందమైన దేశం. నేను సంతోషంగానే చూశాను. కానీ శ్రీలంక అనగానే నాకు కనిపించేది వేరు. వాన. తారు లేచిపోయిన రోడ్డు. ముందు హవల్దార్ వీపు, తడిసి ఒంటికి అంటుకుపోయిన చొక్కా. ఆయన చువ్వ గుచ్చి, ఆగి, కుడికాలు ముందుకు వేస్తాడు. ఆయన కాలు పడ్డ చోటే నా కాలు పడాలి, నా కాలు పడ్డ చోటే స్ట్రెచర్ వాళ్ళ కాళ్ళు పడాలి. ఆయన కాలు ఎత్తగానే ఆ అడుగు గుంటలోకి నీళ్ళు ఊరతాయి. అది నిండి కనబడకుండా పోయేలోపు నేను అందులో కాలు పెట్టాలి. పెడతాను. ఆయన మళ్ళీ కాలు ఎత్తుతాడు. మళ్ళీ నీళ్ళు ఊరతాయి.