ఎర్ర చుక్క కింద ఇల్లు

మా నల్లగండ్ల ఫ్లాట్‌లో దేవుడి అల్మారాకు ఎదురుగానే మా అమ్మాయి ఆఫీసు బల్ల ఉంటుంది. హైటెక్ సిటీకి వెళ్ళక్కర్లేని రోజుల్లో అది అక్కడే కూర్చుని కంప్యూటర్‌లో హిమాలయాల కొండలు చూస్తుంది, అదే దాని ఉద్యోగం. కనబడేవి ఫొటోలు కావు, చుక్కలు. ఉపగ్రహం కొన్ని రోజులకోసారి అదే దారిన వచ్చి కొండ మీదికి రాడార్ తరంగాలు పంపుతుందట. ఇంటి కప్పుకో బండకో తగిలి తిరిగొచ్చిన తరంగాన్ని పాతదానితో పోల్చితే, నేల గోరంత జరిగినా తెలుస్తుందట. కదలని చోట ఆకుపచ్చ చుక్క, జారుతున్న చోట ఎర్ర చుక్క. నేను బడికి పోలేదు, మా నాయన ఇంట్లోనే చదువు చెప్పారు. అయినా ఇది అర్థమైంది. విసుక్కోకుండా చెప్పే బిడ్డనిచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఒక పొద్దున టీ ఇవ్వబోతూ తెర మీద ఊరి పేరు చదివాను. కప్పు కింద పెట్టేశాను.

ఒకప్పుడు ఆ కొండల్లోకి యాత్రకు వెళ్ళినప్పుడు నాకు జ్వరం వచ్చి ఆగిపోయిన ఊరు అది. తోటివాళ్ళు గుడికి వెళ్ళిపోయారు. టీ కొట్టు నడిపే ఒకావిడ నన్ను తన ఇంట్లో పొయ్యి దగ్గర పడుకోబెట్టి, లేచి తిరిగేదాకా గంజి తాగించింది. దర్శనం దక్కలేదని నేను ఏడిస్తే, గోడలోని దేవుడి గూడు చూపించి దీపం పెట్టుకోమంది. ఆ యాత్రలో నాకు జరిగిన దర్శనం అదే. ఆవిడను దీదీ అని పిలుస్తాను.

"దీదీ ఇల్లు ఏదే?"

బస్సు ఆగే చోటు, టీ కొట్టు గుర్తులు చెబితే అమ్మాయి వేలు పెట్టి చూపింది. ఎర్ర చుక్క.

"కొండ ఎప్పుడు పడ్తది?"

"రాడార్ అది చెప్పదమ్మా. జారుతున్నదని చెప్తది, గంతే. రేపు పడొచ్చు, మన జన్మల పడకపోవచ్చు. అక్కడి ఆఫీసర్లకు రిపోర్టు పోయింది."

"నేను చెప్పొద్దా మరి?"

"చెప్పు. పడ్తదని మాత్రం అనకు."

ఫోన్ చేశాను. దీదీ హిందీ నా చెవికి మన మాటలాగే వినబడుతుంది. పకపకా నవ్వింది.

"అంత మీదికెల్లి మా ఇల్లు కనబడ్తదా? రేకుల మీది మిరపకాయలు కోతి ఎత్తుకపోతే జర చెప్పుమను నీ బిడ్డను."

ఇంటి కింద నేల జారుతోందట, ఎప్పుడు పడేదీ తెలియదట అని చెప్పాను. నవ్వు ఆపేసింది.

"తలుపు మూస్తే పడ్తలేదు చెల్లె. చెక్క ఉబ్బిందనుకొని అడుగు చెక్కుతనే ఉన్నం. నీ ఇల్లయితే ఏం చేస్తవు?"

"పోత దీదీ" అన్నాను.

ఆ రోజు నుంచి దీపం పెట్టాక చుక్కను చూడటం అలవాటైంది. పచ్చగా మారాలని మొక్కేదాన్ని.

"కొండ ఆగితే మారుతది. ఆగేటట్టు లేదు" అంది అమ్మాయి. "ఎర్రగనన్న ఉండనీ అమ్మా. రేకులుంటేనే తరంగం మళ్ళొస్తది. చుక్క ఉన్నదంటే ఇల్లున్నట్టు."

అప్పటినుంచి ఎరుపుకే దండం పెట్టాను.

వానాకాలం పోయాక ఒక రోజు ఆ చుక్క లేదు. "పరేషాన్ గాకు, పక్క చుక్కలన్నీ ఉన్నయి కదా" అంది అమ్మాయి, నా ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది. దీదీ ఫోన్ సాయంత్రానికి గాని కలవలేదు.

"కొండ పడలే. మేమే ఇప్పేసినం. రేకులు, దూలాలు, ఆ తలుపు సుత. కింద మా మరిది జాగల ఏసుకున్నం."

"దేవుడి గూడు?"

"గోడల కట్టింది, ఎట్ల తెస్తం? దేవుళ్ళను తెచ్చుకున్నం. ఈడ బస్సులు ఆగయి, కొట్టు గూడ పెట్టలే."

ఆవిడ నవ్వలేదు. అడిగింది: "పక్కింటోళ్ళు ఆడనే ఉన్నరు, నన్ను జూసి నవ్వుతున్నరు. కొండ పడ్తదా చెల్లె?"

"తెల్వదు దీదీ."

"పడకుంటెనే మంచిది లే" అని పెట్టేసింది.

ఆవిడ ప్రాణాలతో ఉంది, దేవుడి దయ. ఆ మాట రోజూ చెప్పుకుంటాను. ఆ పై మొక్కే నాకు రావడం లేదు. కొండ నిలవాలని మొక్కబోతాను, ఆ ఇళ్ళల్లో పిల్లలున్నారు. కానీ నిలిచిన ప్రతి రోజూ దీదీ ఇల్లు నా ఒక్క మాటకు పోయినట్టే ఉంటుంది. చేతులు జోడించి ఊరికే కూర్చుంటాను.

"అమ్మా, ఉపగ్రహం నుంచి కొత్తది వచ్చింది" అంటుంది అమ్మాయి. వెళ్ళి చూస్తాను. ఎర్ర చుక్కలన్నీ ఉన్నాయి. వాటి మధ్య ఆ ఖాళీ ఉంది.