నాన్న ఎర్రగీత పెట్టిన ట్యాపు

మొన్న వడ్డాదిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర పక్క వరసలో కూర్చున్న మా బావ, అంటే మా అక్క మొగుడు, తన చెరకు గానుగ ఒకప్పుడు ఎలా మొండికేసిందో, దాన్ని తాను ఎలా దారికి తెచ్చాడో నలుగురికీ చెబుతున్నాడు. చివర్లో పెరుగన్నం కలుపుకుంటూ, "మా మరదలి పెట్లో ఏదో పాత ఇనప ముక్కుంటే నేనే ఏరి తీసేను" అన్నాడు. నేను తలెత్తకుండా తిన్నాను. పెళ్ళివారి ముందు గొడవెందుకని మాత్రం కాదు. నోటితో చెబితే ఆయన అడ్డం తగులుతాడు, రాస్తే తగల్లేడు. అందుకని చోడవరంలో బస్సు దిగి, ఇంటికొచ్చి, చీరయినా మార్చకుండా షెడ్డు తలుపు తీసి, ఆ పెట్టె పక్కనే కూర్చుని ఇది మొదలుపెట్టాను.

మా ఇంటిని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో నాన్న లేతు మిషను ఉండేది. ఇప్పటికీ ఉంది. గానుగల ఇరుసులు, బోరు మోటార్ల సామాన్లు అక్కడికే వచ్చేవి. చెరకు ఆడే రోజుల్లో ఊరంతా మడ్డి వాసన వేస్తుంటే మా షెడ్డులో మాత్రం కాలిన నూనె వాసన. లేతు నుంచి ఇనుము నీలం రంగులో చుట్టలు చుట్టుకుని జంతికల్లా రాలుతుంటే చూస్తూ పెరిగాను. నాది పుట్టుకతో ఎడంచేతి వాటం. అన్నం తినడం ఇంట్లో, రాయడం బళ్ళో, రెండూ కుడిచేతికి మార్పించారు కానీ పని మాత్రం ఎడంచేతిని వదిలి రాలేదు. నాన్న పానా అడిగినప్పుడు మరిచిపోయి ఎడంచేత్తో అందిస్తే తీసుకునేవారు కాదు. ఒక్క మాట కూడా అనకుండా, నేను చెయ్యి మార్చేదాకా లేతు వైపు చూస్తూ నిలబడేవారు. తిట్టి ఉంటే మరిచిపోయేదాన్నేమో. నాన్నకి చూపు తగ్గాక ఆ లేతు నడిపింది నేనే. అయినా పని పట్టుకెళ్ళేవాళ్ళతో తానే చేశానని చెప్పేవారు. అది కూడా మరిచిపోలేదు.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. నాన్న ఎప్పుడో విశాఖలో పాత సామాన్ల వేలంలో పాడుకుని తెచ్చిన రేకు పెట్టె అది. నిండా గ్రీజు కాగితాల్లో చుట్టిన కోత పనిముట్లు. వాటిలో చాలావాటి పేరు ఆయనకే తెలియదు. తెలిసినవి గోడ మేకులకి ఎక్కాయి, తెలియనివి పెట్టెలోనే ఉండిపోయాయి. ఒకసారి వాడి చూసి, కోయకపోతే దాని మీద ఎర్రరంగుతో గీత పెట్టేవారు. గీత పడిందంటే పనికిరానిదని అర్థం. దసరాకి గోడ మీది పనిముట్లకి బొట్లు పెట్టేదాన్ని కదా, గీత పెట్టినవాటికి ఆ బొట్టు కూడా ఉండేది కాదు.

నాన్న పోయాక వచ్చిన వానాకాలంలో బావ మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. షెడ్డు ఎరువుల దుకాణానికి అద్దెకివ్వాలని, లేతు అనకాపల్లిలో ఎవరికో అమ్మాలని, పెట్టె తుక్కువాడికి వెయ్యాలని తనే నిర్ణయించేశాడు. అక్క సరేనంది. మా ఆయన ఇల్లరికం వచ్చిన మనిషి, ఎవరేమన్నా బాగుందంటారు, ఇదీ బాగుందన్నారు. నేను ఒప్పుకోనన్నాను. షెడ్డు నేను నడుపుతానన్నాను. బావ పెట్టె మూత కాలితో ఎత్తి, "ఇందల ఏది ఏటో సెప్పు సూద్దాం. ఏటో తెలీని సామాను నీ పెట్లో ఉంటే ఏటి, తుక్కోడి బండిలో ఉంటే ఏటి?" అన్నాడు. కాలితో ఎత్తాడు. చివరికి అవేమిటో తేల్చుకోమని గానుగలు మొదలయ్యేదాకా గడువిచ్చాడు, ఏదో తన సొంత షెడ్డయినట్టు.

తెలియని పనిముట్టుని తిన్నగా ఇనుము మీద పెడితే అదైనా విరుగుతుంది, మన వేలైనా తెగుతుంది. చెక్క మీద పెడితే చీలిపోతుంది తప్ప దాని కోత రూపు కనపడదు. నాకు బెల్లం తోచింది. మా వైపు పాతబడిన బెల్లం అచ్చు ఎంత గట్టిగా ఉంటుందో కొట్టుకుని తినేవాళ్ళకి తెలుసు. పనిముట్టుని లేతుకి బిగించి, నెమ్మదిగా తిప్పుతూ బెల్లం అచ్చు ఆనించేదాన్ని. అది ఎలాంటి గుర్తు వదిలితే అదే దాని పని. ఒకటి లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండే గాడి కోసింది. ఇంకొకటి అంచుని చక్కగా గుండ్రం చేసింది. మూడోది అరిసె మీద నువ్వుల్లా గరుకు అచ్చు వేసింది, అది చేతిపిడి జారకుండా గీతలు వేసే చక్రమని అప్పుడు తెలిసింది. ఒక్కొక్కటే పెట్టె దిగి గోడకెక్కింది. షెడ్డు నిండా చీమలు.

ఆ మధ్యలో ఒకరోజు అక్కతో బావ వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఏటే మరదలా, లేతు మీద పాకం పడతన్నావా?"

"కాదు బావా, సీమల్ని పెంచుతన్నాను."

ఆ మాట వడ్డాది సంతంతా చేరింది. బస్టాండులో మా ఆయన్ని ఆపి, లేతు బెల్లం ఎప్పుడు దింపుతారని అడిగినవాళ్ళున్నారు. వాళ్ళ మొహాలు నాకు ఇప్పటికీ గుర్తే.

మిగిలినవాటిలో ఎర్రగీత ఉన్న ట్యాపు ఒకటి. బొటనవేలంత లావు, ఒంటినిండా పళ్ళు. ముందు బెజ్జం వేసి, అందులో దీన్ని తిప్పుతూ దించితే బోల్టు పట్టడానికి లోపల మరలు కోస్తుంది. బెల్లంలో బెజ్జం వేసి మామూలుగా కుడికి తిప్పాను. పొడి రాలింది తప్ప దిగలేదు. నాన్న గీత నిజమేననుకున్నాను. కుడిచేతి మీదికి చీమలు ఎక్కితే చెయ్యి దులుపుకుంటూ, దాన్ని బయటికి తీసేద్దామని ఎడంచేత్తో పట్టుకున్నాను. ఆ చేతికి సులువైన వైపు, ఎడమకి తిప్పాను. ట్యాపు బెల్లాన్ని కొరికింది. ఇంకాస్త తిప్పితే తనంతట తనే లోపలికి దిగింది. అచ్చు పగలగొట్టి, పక్కన మామూలు బోల్టు పెట్టి చూశాను. దాని మరలు ఒక వైపుకి వాలి ఉంటే, వీటి మరలు రెండో వైపుకి వాలి ఉన్నాయి. ఎడమకి తిప్పితే బిగిసే మర అది. నాన్న దాన్ని అందరిలాగే కుడికి తిప్పి చూసి, కోయడం లేదని గీత పెట్టేశారు.

గానుగలు మొదలైన కొద్దిరోజులకే అక్క ఫోన్ చేసింది. బావ గానుగలో చెరకు నలిపే రోలరు ఇరుసు చివర, పళ్ళచక్రం జారకుండా పట్టే బోల్టు మాటిమాటికీ ఊడిపోతోంది. వెల్డింగు చేయిస్తే అదీ విరిగింది. నరికిన చెరకు ఎండుతోంది, రసం పులుస్తోంది, అనకాపల్లి మిస్త్రీలెవరికీ తీరిక లేదు. చక్రం తిరుగుతూ ఆ బోల్టుని రాసుకుని, ఊడే వైపుకే తిప్పుతోందని నాకు అర్థమైంది. లేతు మీద ఎడమ మరల బోల్టు ఒకటి కోసుకుని, డ్రిల్లు, ట్యాపు ఆటోలో వేసుకుని వెళ్ళాను. గానుగ దగ్గర అందరూ వినేలా అన్నాను.

"పని సేస్తాను బావా. నిలబడితే షెడ్డు ఊసు మళ్ళా ఎత్తకూడదు."

ఆయన పొయ్యి వైపు చూసి సరేనన్నాడు. అరిగిన పాత బెజ్జాన్ని వెడల్పు చేసి, ట్యాపు దించి, కొత్త మరలు కోసి, బోల్టు ఎక్కించాను. ఇంకొక్క తిప్పు మిగిలి ఉండగా ఆడదాని బిగువు చాలదంటూ బావ నా చేతిలోని పానా లాక్కుని, బలమంతా పెట్టి అలవాటుగా కుడికి తిప్పుకుంటూ పోయాడు. బోల్టు గిరగిరా ఊడి రసం తొట్టిలో పడింది.

"సూసేరా దీని పని" అన్నాడు అందరి వైపూ తిరిగి.

"ఊడే పక్కకి తిప్పేవు, ఊడింది. ఎడం పక్కకి తిప్పు బావా."

తొట్టిలో చెయ్యి పెట్టి బోల్టు తీశాడు, పెట్టాడు. తిప్పబోతే ఆయన చేతులు మళ్ళీ కుడికే వెళ్ళాయి. కూలీల్లో ఎవరో నవ్వారు. బావ పానా నా వైపు చాపి, "నువ్వే కానియ్యి" అన్నాడు. నేను ఎడంచెయ్యి చాపాను. ఆయన ఆగాడు. నేను చెయ్యి మార్చలేదు. పొయ్యి మంట చూస్తూ నిలబడ్డాను. చివరికి ఆ పానా నా ఎడంచేతిలో పెట్టాడు.

గానుగ ఆ సీజనంతా ఆగలేదు. ఆ తరవాతా ఆ బోల్టు ఊడలేదు. షెడ్డు మాట మళ్ళీ రాలేదు. ప్రతి ఏడాదీ మొదటి అచ్చు మా ఇంటికి పంపుతాడు, చీమలకని చెప్పి మరీ పంపుతాడు. తీసుకుంటాను. అంతేకానీ, మా పెట్టెలోంచి ఆయన ఏరింది ఏమీ లేదు. ఏరింది రసం తొట్టిలోంచి బోల్టు, అదీ తాను పడేసిందే.

ట్యాపు ఇప్పుడు నా ఎదురుగా ఉంది. గోడ మీద దానికి చోటిచ్చాను, దసరాకి బొట్టు కూడా పెడతాను, ఎడంచేత్తో. నాన్న గీతని మాత్రం తుడవలేదు. అది ఉండాలి. కాలం తిరిగేకొద్దీ అన్నీ వదులవుతాయని అక్క అంటుంది, మరిచిపోవే అంటుంది. నేను కోసుకున్న మర అలాంటిది కాదు, కాలం ఎంత తిరిగితే అంత బిగుస్తుంది.