అద్దాల పెట్టెలో మానిక

దాతల పుణ్యమా అని కొత్తగూడ దగ్గరి చిన్న మ్యూజియంలో ఆదివారాలు కుటుంబాలకు ప్రవేశం ఉచితం. నిన్న వెళ్తే, అద్దాల పెట్టెలో బియ్యం కొలిచే మానిక కనిపించింది. మీ వంటింట్లోనూ ఉండేది కదూ? చీటీ మీద 'కొలపాత్ర' అని మాత్రమే రాశారు.

గోపన్‌పల్లి నుంచి మ్యూజియం బస్సులో వచ్చిన ఒక అవ్వ, గాలిలోనే కొలుస్తూ మనవరాలికి చూపిస్తోంది.

"లాభం, రెండు, మూడు..."

"ఒకటి ఏది అవ్వా?" అంది ఆ పిల్ల.

"మొదటి మానికను ఒకటి అనొద్దు బిడ్డా, లాభం అనాలె."

చిన్నప్పుడు నేను 'ఒకటి' అన్నందుకు మా అమ్మ బియ్యాన్ని మళ్లీ డబ్బాలో పోయించి, మొదటి నుంచి కొలిపించింది. ఎందుకని అప్పుడు అడగలేదు.

"ఎందుకు అనొద్దు అవ్వా?" అని ఇప్పుడు అడిగాను.

"నేను గూడ మా అమ్మను అడగలే బిడ్డా."

మనవరాలు మాత్రం బస్సెక్కేదాకా అడుగుతూనే ఉంది.