సెతొగుచి గారి 'రు' పాటలు

సెతొగుచి గారు 'రు' అక్షరంతో మొదలయ్యే పాటలు తప్ప మరేమీ పాడరు. సందర్భం ఏదైనా, బతిమాలేవారు ఎవరైనా, మైకు చేతికి వచ్చిందంటే ఆయన కరోకే పాటల పుస్తకాన్ని చివరి పుటల దాకా తిప్పుతారు. 'రు' కింద ఉన్న పిడికెడు పాటల్లో ఒకదాన్ని ఎంచుకుని, కళ్లు మూసుకుని, శ్రుతికి కాస్త ఎడంగా నిలబడి పాడేసి, కూర్చుంటారు.

'రు' ఎంత నిరుపేద అక్షరమో ఆయన ఉండే రేవువీధిలో పసిపిల్లలకూ తెలుసు. మాటల గొలుసు ఆటలో ఎదుటివాడు 'రు' దగ్గర ఆపాడంటే ఓటమి ఒప్పుకోవలసిందే. జపాను భాషలో ఆ అక్షరంతో మొదలయ్యే మాటలే అంత అరుదు. పాటల పుస్తకంలో మిగతా అక్షరాలకు సంస్థానాలు ఉండగా, 'రు'కు దక్కింది అర పుట. అందులో ఒకటి ఇంటికి కాపలా కాసే కుక్క మీద పిల్లల పాట. మరొకటి జూదంలో ఆస్తి పోగొట్టుకున్నవాడి విలాపం. వంతెనవీధి బియ్యం కొట్టు ఉరాబె గారి అమ్మాయి పెళ్లిలో సెతొగుచి గారు ఆ విలాపాన్నే చివరిదాకా వినిపించారు. పెళ్లికొడుకు తల్లిదండ్రులు ఉరాబె గారి వంక అనుమానంగా చూశారని అంటారు.

"బాబాయ్, చెర్రీలు పూశాయి. పూల పాట ఒకటి పాడొచ్చు కదా," అని అడిగింది హోనామి, ఒక వసంతంలో.

"చెర్రీ అంటే సకురా. అది 'స'లో ఉంటుందమ్మా. నాకు దూరం."

"పుస్తకం మీ ఒళ్లోనే ఉంది."

"ఉంటే మాత్రం? మోకాళ్ల నొప్పులు."

ఈ సంభాషణలన్నీ 'త్సుబాకి' అనే చిన్న బారులో జరిగేవి. ఎండు స్క్విడ్ కాల్చిన వాసన గోడలకు పట్టిపోయిన ఆ బారును మసుయో అక్క నడిపేది. సెతొగుచి గారి క్షౌరశాల దానికి ఎదురుగా ఉండేది. హోనామి పురపాలక కార్యాలయంలో పనిచేయడానికి ఆ రేవు ఊరికి వచ్చి మూడేళ్లయింది. ఆమెకు ఏ విషయంలోనూ కారణం తెలియకపోతే నిద్రపట్టదు. అన్యాయం కనిపిస్తే అన్నం సహించదు. అర పుట కోసం పుస్తకమంతా వదులుకున్న మనిషి ఆమె కంటికి తీరని అన్యాయంగా కనిపించాడు.

పైగా ఆమెకంటూ ఒక పాట లేదు. త్సుబాకిలో ప్రతి మనిషికీ సొంత పాట ఒకటి ఉండేది. ఒకరిదైన పాటను మరొకరు ముట్టుకోరు. ఆలస్యంగా వచ్చిన హోనామికి మిగిలింది చప్పట్లు కొట్టే పని. చేపల దుకాణం కామెసబురో గారి పాట, ఆఖరి పడవ తప్పిపోయిన ప్రియుడి కథ. అది వింటూ వీధి వీధంతా ముక్కు చీదేది. ఆ వసంతంలో ఆయన గొంతుకు శస్త్రచికిత్స జరిగింది. బతుకుతానా అని ఆయన వైద్యుణ్ణి అడగనే లేదు. "శరత్కాలానికి పాడగలనా?" అన్నదే ఆయన అడిగిన ప్రశ్న.

శరత్కాలంలో రేవువీధికీ వంతెనవీధికీ పాటల పోటీ. వీధికి ముగ్గురు గాయకులు. మార్కులు వేసేది యంత్రం. గెలిచిన వీధి వాళ్ల దేవుడి పల్లకి, పండుగ ఊరేగింపులో ముందు నడుస్తుంది. చాలా ఏళ్లుగా రేవువీధి పల్లకి వంతెనవీధి వాళ్ల వీపులే చూస్తోంది. ఈసారి జట్టు బాధ్యతను హోనామి పట్టుబట్టి తీసుకుంది. మసుయో అక్క, కామెసబురో గారు, సెతొగుచి గారు: ఆమెకు దొరికిన సైన్యం ఇది.

పోటీ వారంలోకి వచ్చింది. సాధన వేళ చెప్పిపోదామని హోనామి మధ్యాహ్నం క్షౌరశాలకు వెళ్లింది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల సెతొగుచి గారు ఒంటరిగా కత్తి నూరుతూ పాడుతున్నారు. అది కుక్క పాట కాదు. ఆఖరి పడవ పాట. ఆ గొంతు విని హోనామి చెప్పులు విప్పడం సగంలో ఆపేసింది. పడవ నిజంగానే వెళ్లిపోయినట్టు, తానే గట్టు మీద మిగిలిపోయినట్టు అనిపించింది ఆమెకు.

పాట ఆగగానే లోపలికి దూసుకుపోయింది. "ఇంత గొంతు పెట్టుకుని మమ్మల్ని ఇన్నాళ్లూ కుక్కలతో వేధించారా?"

సెతొగుచి గారు దొంగలా చూశారు. "రేడియో అమ్మా."

"రేడియో మీ నోట్లో ఉందా? పోటీలో ఈ పాట మీరు పాడండి. కామెసబురో గారు ఇంకా కోలుకోలేదు. మూడో చరణంలో గొంతు చీలిపోతోంది."

"అది ఆయన పాట."

"అని ఏ చట్టంలో ఉంది?"

"చట్టంలో ఉంటే భయపడకుండా అతిక్రమించేవాణ్ణి," అని ఆయన మళ్లీ కత్తి నూరడం మొదలుపెట్టారు.

హోనామి నేరుగా మసుయో అక్క దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేసింది. అక్క గ్లాసులు తుడుస్తూ నవ్వింది.

"నువ్వు కూడా విన్నావన్నమాట. ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఒకసారి ఇక్కడ పాడాడు. అప్పుడు బారులో నేనూ, నూడుల్స్ కొట్టు తొమిఎ వదినా, అంతే. తెలియక ఆవిడ పాటే పాడాడు. పాపం, ఆవిడే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ఆవిడ మళ్లీ ఆ పాట జోలికి వెళ్లలేదు. 'అలా విన్నాక నేనేం పాడతానే' అనేది. కూతురి ఊరికి వెళ్లిపోయేదాకా మైకు పట్టలేదు."

"అందుకని?"

"అందుకని పుస్తకం మొత్తం వెతికి, ఎవరూ కాపురం లేని అక్షరం చూసుకున్నాడు. అక్కడ కూడా కావాలనే శ్రుతి తప్పుతాడు. మన పక్కన ఒక పాడలేనివాడు ఉంటే మనకు ఎంత ధైర్యమో ఆలోచించు."

హోనామికి కారణం దొరికింది. నిద్ర మాత్రం పట్టలేదు. పల్లకి సంగతి ఇంకా తేలలేదు.

పోటీ రోజున సమావేశ మందిరం నిండిపోయింది. మసుయో అక్క బాగానే పాడింది. తర్వాత కామెసబురో గారు ఉతికి ఇస్త్రీ చేసిన పండుగ కోటుతో వేదిక ఎక్కారు. రెండు చరణాలు పడవలా సాగాయి. మూడోదానిలో గొంతు చీలింది. ఆయన ఆగలేదు, గుసగుసలాంటి స్వరంతోనే పాట ముగించారు. యంత్రం నూటికి నలభై ఎనిమిది చూపించింది.

"ఆయన బుట్టలో చేపలు ఇంతకంటే బాగా పాడతాయి," అన్నారు వంతెనవీధి వరుసలోంచి ఉరాబె గారు.

కామెసబురో గారు మైకును మెల్లగా కుర్చీలో పెట్టారు. "ఇక చాలమ్మా," అన్నారు హోనామితో. "ఇదే ఆఖరిది."

సెతొగుచి గారు లేచారు. హోనామి ఆయన చేయి పట్టుకుంది. "బాబాయ్, 'రు'లోనే పాడండి, సరే. కానీ నిజంగా పాడండి. ఇప్పటికీ గెలవొచ్చు."

"ఎవరు?"

"రేవువీధి."

"మరి కామెసబురో గారు?"

హోనామి ఆయన చేయి వదిలేసింది.

ఆయన కుక్క పాట ఎత్తుకున్నారు. అది పాట అని పుస్తకం చూసినవారికి మాత్రమే తెలిసింది. తాళం ఒక వీధిలో, రాగం మరో వీధిలో, ఆయన రెండింటికీ మధ్య దారి తప్పి తిరిగారు. మొరిగే చోట మొరగడం మరిచిపోయి, మొరగకూడని చోట మొరిగారు. పసిబిడ్డలు ఏడుపు మానేశారు. యంత్రం చాలాసేపు ఆలోచించి, సిగ్గుపడుతున్నట్టుగా పంతొమ్మిది చూపించింది.

మందిరంలో అందరికంటే ముందు నవ్వింది కామెసబురో గారు. దగ్గు వచ్చేదాకా నవ్వారు.

"ఒరేయ్ సెతొగుచి, కుక్క మొరుగుడుకి కూడా ఒక శ్రుతి ఉంటుందిరా. ఇలాంటి గొంతుతో నువ్వే పాడుతుంటే నేను మానేయడమేమిటి? రేపు దుకాణానికి రా, నేర్పుతాను."

"వస్తానండి. కొట్టు కట్టేసి వస్తాను," అన్నారు సెతొగుచి గారు, తల వంచి.

"ఊపిరి పొట్టలోంచి రావాలి."

"అలాగేనండి. నాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు."

మసుయో అక్క అటు తిరిగి ముక్కు చీదింది. హోనామి పెదవులు బిగపట్టి నేల చూసింది. నవ్వు ఆపుకోవడానికి ఆమెకు వేరే మార్గం దొరకలేదు.

తిరిగి వస్తుంటే సెతొగుచి గారు ఆమెను అడిగారు: "కోపం వచ్చిందామ్మా?"

"ఈ ఏడాది కూడా వాళ్ల వీపులే చూస్తాం."

"ఉరాబె వీపు అంత చెడ్డదేం కాదు. నెలనెలా మెడ దగ్గర గొరిగేది నేనేగా." కొంచెం దూరం నడిచాక ఆయనే అన్నారు: "మీకు పాట లేదు కదా. 'రు'లో నీలిరాయి మీద ఒకటి ఉంది. ఎవరైనా కొత్తవాళ్లు వస్తే పనికొస్తుందని నేను ముట్టుకోలేదు."

"నాకు పాడటం రాదు బాబాయ్."

"పర్వాలేదు. ఆ పాట అసలు ఎలా ఉండాలో విన్నవాళ్లు ఈ ఊళ్లో ఎవరూ లేరు."

మరుసటి శనివారం త్సుబాకిలో హోనామి మైకు పట్టుకుంది. ఘోరంగా పాడింది. కామెసబురో గారు ఊపిరి గురించి ఆమెకు కూడా ఉపదేశించారు. సెతొగుచి గారు చప్పట్లు కొట్టి, పుస్తకం ఒళ్లోకి తీసుకుని, ఆ అర పుటలో ఇంకా ఎన్ని ఇళ్లు ఖాళీగా ఉన్నాయో వేలు పెట్టి చూసుకుంటూ కూర్చున్నారు.