నేను కత్తిరించిన డయోడ్

మా చిన్నప్పుడు... ఆదివారం వచ్చిందంటే నాకు కడుపు మండేది. పొద్దున్నే ప్రోతరాపూర్ నుంచి బస్సులో మా సుజాత వదిన వచ్చేది. మా మేనత్త కూతురు... నాకన్నా రెండేళ్ళు పెద్ద.

మా ఊరి మిడిల్ పాయింట్ బజార్లో నాన్నకి ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. అందులో నాన్న పక్కన ముక్కాలిపీట వదినది. డాలీగంజ్ ఇంటి నుంచి క్యారేజీ మోసుకురావడం నా పని. నేను దగ్గరికెళ్తే "చెయ్యి కాల్తాది బుజ్జీ, దూరంగా కూకో" అనేవాడు నాన్న.

మేమిద్దరం చదివే స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ వచ్చింది. వదిన బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను చేసింది. మీట తిప్పితే ఎంత నెమ్మదిగానైనా కుదుపు లేకుండా తిరిగేది.

"కరెంటుని సెకనుకి వందలసార్లు ఆపి వదుల్తున్నాను మావయ్యా... కానీ మోటారు కాయిల్లో పారేది టక్కున ఆగదు. దారి లేకపోతే, ఆపి వదిలే ఈ ట్రాన్సిస్టర్‌ని కాల్చేస్తాది. అందుకే మోటారుకి అడ్డంగా, ఒకవైపే పారనిచ్చే ఈ డయోడ్. ఆపినప్పుడల్లా దీంట్లోంచి తిరుగుతాది. మోటారుకి తేడా తెలీదు" అంది.

ఇక చూడండి నాన్న సంబరం... కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ "దేఖో భయ్యా, నా మేనకోడలు చేసింది!" నేను అట్టలతో చేసిన అగ్నిపర్వతాన్ని చూసి మాత్రం "బాగుంది" అన్నాడు. అంతే.

ఎగ్జిబిషన్ రోజు వదిన చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. గోళ్ళు తీసే కట్టర్‌తో ఆ డయోడ్ కాలు టప్పున కత్తిరించేశాను.

జడ్జీల ముందు ఫ్యాను నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది. కాలిన వాసన... నాన్న సర్క్యూట్ బోర్డు వైపైనా చూడకుండా అందరి ముందూ "సరిగ్గా అతికించడం కూడా రాదేటే? పరువు తీసేసినావు!" అన్నాడు. వదిన తల దించుకుంది. నిజం చెప్పొద్దూ... నాకు హాయిగా అనిపించింది.

ఆ తర్వాతి ఆదివారం వదిన రాలేదు. పీట నాదైంది. నేను తీగ చుడుతుంటే నాన్న "సుజాతైతే ఇంత వదులుగా చుట్టదే..." అన్నాడు. మూడు వారాలు అదే మాట. ఇక ఉండలేక ప్రోతరాపూర్ బస్సెక్కాను.

వదిన పెరట్లో చేపలు తోముతోంది. ఏడుస్తూ చెప్పేశాను. తను తోమడం ఆపలేదు.

"ఇంటికొచ్చాక చూసినాను, డయోడ్ కాలు తెగుంది. నువ్వేనని అనుకున్నాను. మావయ్యకి నువ్వే చెప్పు... అప్పుడొస్తాను."

చెప్పాను. నాన్న కొడతాడనుకున్నాను... కొట్టలేదు. పట్టపగలే కొట్టుకి తాళం వేసి ప్రోతరాపూర్ వెళ్ళి, "తప్పైపోనాది తల్లీ" అన్నాడట వదినతో. దానిక్కూడా కుళ్ళుకున్నాను... నా కోసం నాన్న ఏనాడూ కొట్టు మూయలేదు!

వదిన మళ్ళీ వచ్చింది. కాలిన ట్రాన్సిస్టర్ మార్చి, కొత్త డయోడ్ నా చేతే అతికించింది. ఫ్యాను తిరిగింది.

ఇప్పుడా కొట్టు లేదు. ఫ్యాన్లో బోర్డు పాడైతే ఎవరూ విప్పి చూడరు... పారేసి కొత్తది తెప్పించుకుంటారు. వదిన ఇక్కడే కరెంటు ఆఫీసులో ఇంజనీరు. ఇంట్లో స్విచ్ పనిచేయకపోతే నాన్న ఆమెకే ఫోన్ చేస్తాడు... పక్క గదిలో నేనున్నా సరే!

మీ అమ్మానాన్నలు మీకన్నా ఎక్కువగా ముద్దు చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వాళ్ళనేం చేశారో... దాచకుండా రాయండి. నేను రాశానుగా!